ఏడో టేకు గాయం

ఆ ఉదయం తొమ్మిదింటికీ పదకొండున్నరకూ మధ్య ఒకే ఆడమనిషిని ఆరుసార్లు మెట్ల మీంచి తోశారు. ఆరుసార్లూ ఆమె లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, మళ్ళీ తోయించుకోవడానికి పైకెక్కింది. తోసేవాడు మర్యాదస్తుడు. ప్రతిసారీ "రెడీయా చెల్లెమ్మా?" అని అడిగి మరీ తోశాడు.

మూతపడిన మిల్లులో, ఇనపమెట్లకు ఎదురుగా మడతకుర్చీ వేసుకుని ఇదంతా రాసుకుంటున్న ఆవిడను యూనిట్లో అందరూ పుస్తకమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే: ఒక షాటుకూ తర్వాతి షాటుకూ మధ్య లోకం మారకుండా చూడడం. షాటు ఏది, టేకు ఎన్నోది, లెన్సు ఏది, ఏ క్షణాన మొదలై ఏ క్షణాన ముగిసింది, ఎవరి చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయి, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, అన్నీ పేజీ అంకెలు అచ్చువేసిన ఆ పెద్ద పుస్తకంలో ఎక్కాలి. దెబ్బలాట సీనైతే సంచిలోంచి ఒక రబ్బరు ముద్ర తీస్తుంది. కళ్ళూ ముక్కూ నోరూ ఉత్త గీతలుగా ఉన్న ఖాళీ ముఖం అది. దాన్ని పేజీ అంచున అద్ది, ఎర్ర పెన్సిలుతో దెబ్బలు గుర్తు పెడుతుంది. పక్కన అప్పటికప్పుడు తీసిన ఫొటో అతికిస్తుంది. ఇన్నేళ్ళ పుస్తకాల్లో అలాంటి ముఖాలు వందలున్నాయి. వాటిలో ఒక్కదానికీ నొప్పి తెలియదు.

పేజీ గానీ ఫొటో గానీ పుస్తకంలోంచి బయటికి వెళ్తే చీటీ రాయాలి. ఏది, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి, ఎందుకు. కింద ప్రొడక్షన్ మేనేజరు సంతకం. రోజుకు నలభై చీటీలు. అతను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చీటీ వంక చూడకుండానే సంతకాలు గిలికేస్తాడు.

పడుతున్న పిల్లను పిల్లి అంటారు, ఎటు తోసినా కాళ్ళ మీదే పడుతుందని. కథానాయిక చేయలేని, చేయకూడని దెబ్బలన్నీ తినడం ఆమె జీవనం. పదకొండేళ్ళలో ఆమె గుర్రం మీంచీ, మేడ మీంచీ, కదిలే వ్యాను మీంచీ పడింది. మధ్యాహ్నాలు పుస్తకమ్మ పక్కనే కూర్చుని టీ తాగుతూ, "అక్కా, నీ పుస్తకాల్లో నేనెన్నిసార్లు చచ్చానో లెక్క చెప్పవూ?" అని వేధించేది. నూట ముప్ఫై ఒకటి అని పుస్తకమ్మ చెబితే, "అయితే పెన్షను రావాలే" అని నవ్వేది.

ఏడో టేకు ముందు దర్శకుడు లెన్సు మార్చమన్నాడు. మొత్తం మెట్లూ, పైన విరిగిన కిటికీ, అంతా ఒకే చూపులో రావాలన్నాడు. కొత్త లెన్సులో పుస్తకమ్మ తన ధర్మం ప్రకారం చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది: మెట్ల నడిమి చపటా మీద పరిచిన పరుపు మూల కనబడుతోంది. తీసేయమన్నాడు దర్శకుడు. ఫైట్ మాస్టరు, పరుపు తీస్తే కింద అట్టపెట్టెలు పేర్చాలి, అరగంట పడుతుందని గొణిగాడు. మేనేజరు గడియారం చూపించాడు. పన్నెండింటికి కథానాయిక వస్తుంది, ఆమెను కూర్చోబెడితే గంటకెంతో అందరికీ తెలుసు. పైనుంచి పిల్లే అంది, "ఫరవాలేదు మాస్టారూ, నడుం ఆనించి జారిపోతాను. తొందరగా కానివ్వండి, ఆకలేస్తోంది."

పుస్తకమ్మ రాసుకుంది: *నూట పద్దెనిమిదో పేజీ. షాటు నలభై ఒకటి, టేకు ఏడు. పరుపు మూల ఫ్రేములో ఉందని చెప్పాను. డైరెక్టరు తీయించారు.*

తోశాడు. ఆమె మూడో మెట్టు దగ్గర జారబోయి, జారలేదు. ఇనుము మీద తల కొట్టుకున్న చప్పుడు వేరేగా వినిపించింది. పదిహేను మెట్లూ, ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా, దొర్లి, నేల మీద మొహం పక్కకు తిరిగి ఆగింది. దర్శకుడు "కట్" అన్నాడు, ఆ వెంటనే "ఓకే" అన్నాడు. మిల్లు మిల్లంతా చప్పట్లు కొట్టింది. ఇలా పడడం ఎవరూ చూడలేదు మరి.

పుస్తకమ్మ గడియారం చూసింది. పదకొండు నలభై రెండు. ముద్రా, ఎర్ర పెన్సిలూ, కెమెరా తీసుకుని ఎప్పటిలా వెళ్ళి పక్కన గొంతుక్కూర్చుంది. కుడి కనుబొమ్మ మీద చర్మం రెండుగా చీలి ఉంది. రక్తం కనుబొమ్మ దగ్గర ఒక క్షణం ఆగి, మలుపు తిరిగి, చెంప మీదికి దిగుతోంది. ఆరో టేకులో ఈ గాయం లేదు. మేకప్ వాడు తనకు చెప్పకుండా కొత్తగా రక్తపు రంగు నింపిన గోళీ పెట్టి ఉంటాడని ఆవిడకు ఒళ్ళు మండింది. ఫొటో తీసింది. ముద్ర అద్ది, గీత గీత చొప్పున గాయాన్ని దించడం మొదలుపెట్టింది. *కుడి కనుబొమ్మ, రెండంగుళాలు. ఇంతకుముందు లేదు. ఎవరు వేశారు? మేకప్‌ను అడగాలి.*

పిల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదిలాయి. పుస్తకమ్మ వంగి విన్నది, బదులు చెప్పింది, ఇంకో మాట కూడా అంది; గీస్తూనే ఉంది. పాదాల స్థితి రాయడానికి అటు చూసినప్పుడు, ఎడమ పాదం ఉండవలసిన వైపు లేదు. *ఎడమ పాదం వెనక్కి తిరిగి* వరకు రాసి పెన్సిలు ఆపింది.

ఆ తర్వాత ఆవిడ వేసిన కేక మిల్లు కప్పు మీది పావురాలను లేపింది.

*

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు విషయం దాచకుండా చెప్పాడు. వెన్నులో విరిగిన ముక్క నరాన్ని నొక్కుతోంది. ఈ శనివారంలోగా ఆపరేషను చేస్తే కాళ్ళు దక్కే వీలుంది. దాటితే లేదు. ఆపరేషను ఖర్చు ఎవరు భరిస్తారో కాగితం వస్తే తప్ప ఆస్పత్రివాళ్ళు ముందుకు పోరు.

బీమా కంపెనీ అప్పటికే చేతులు దులుపుకుంది. ఆమె పడిన ఆ సోమవారం మిల్లులో మాటల సీన్లు మాత్రమే తీస్తారని నిర్మాణ సంస్థ వాళ్ళకు రాసిచ్చింది. దెబ్బలాటలున్న రోజుకైతే బీమా అయిదింతలు కట్టాలి. ఆనాటి హాజరు పట్టీలో పిల్లి పేరే లేదు. పిల్లి అన్న లారీలు బాగుచేసే మనిషి, గోళ్ళలో గ్రీజు ఇంకా ఆరలేదు. అతను ఆ కాగితాలు పుస్తకమ్మ చేతిలో పెట్టి, సినిమా కంపెనీ వాళ్ళు తన చెల్లెలు స్నేహితుల్ని చూడ్డానికొచ్చి సరదాకి మెట్లెక్కి పడిందంటున్నారని చెప్పాడు. "సరదాకట అమ్మా," అన్నాడు మళ్ళీ, ఆ మాట అర్థం తెలియని పిల్లవాడిలా. పుస్తకంలో ఉంటుందిగా, అది చూపిస్తే చాలుగా అన్నాడు. చూపిస్తానని ఆవిడ మాట ఇచ్చింది. లోపలికి వెళ్ళి పిల్లిని చూడమంటే మాత్రం, పనుందని తలుపు దగ్గర్నుంచే వెనక్కి తిరిగింది.

మేనేజరు గది మిల్లు పై అంతస్తులో, గేటు మీదికి కిటికీతో ఉంటుంది. పుస్తకమ్మ వెళ్ళేసరికి అతనే ఆవిడకు కుర్చీ లాగి, టీ తెప్పించి, తలుపు వేశాడు. ఆ పేజీ కావాలన్నాడు. ఆవిడ కుదరదంది. అతను బల్ల చుట్టూ వచ్చి, పుస్తకం మీద ఉన్న ఆవిడ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. కోపంగా ఏమీ పట్టుకోలేదు. కూరగాయల సంచి పట్టుకున్నట్టు పట్టుకుని, మాట్లాడుతున్నంతసేపూ బిగిస్తూ పోయాడు. ఎముక మీద ఎముక ఒరుసుకుంది. సినిమా కొన్న చానలు వాళ్ళు ఒప్పందం రద్దు చేస్తే నూట యాభై మంది రోడ్డున పడతారని చెప్పాడు. అయినా ఆవిడ కదలలేదు. అప్పుడతను చెయ్యి వదిలి, పేజీ తెరిచి, వేలు పెట్టి చూపించాడు.

"అమ్మా, నేను చదవలేదనుకున్నారా? పదకొండు నలభై రెండుకి పడింది. మీరు కేక వేసింది నలభై నాలుక్కి. మధ్యలో మీరేం చేశారో కూడా మీ చేతిరాతలోనే ఉంది. ఈ పేజీ బయటికొస్తే మా తల కంటే ముందు ఎవరి తల పోతుందో ఆలోచించుకోండి. పేజీ పోతే అదీ పోతుంది."

ఆవిడ తన రాతంతా మళ్ళీ చదువుకుంది. చాలాసేపటికి సంచిలోంచి బ్లేడు తీసి, నొప్పెడుతున్న మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, నూట పద్దెనిమిదో పేజీని కుట్టు పక్కగా కోసింది. అలవాటు చొప్పున చీటీల పుస్తకం కూడా తీసింది.

"దీనికి చీటీ వద్దులెండి," అని మేనేజరు నవ్వాడు. వకీలు చూశాక చింపేస్తానంటూ పేజీని తోలుసంచిలో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కింద గేటు దగ్గర గొడవ వినిపించింది. పుస్తకమ్మ వెంటే వచ్చిన పిల్లి అన్న గేటు ఊచలు పట్టుకుని ఊపుతున్నాడు. కాపలావాళ్ళు ఇద్దరు. ఒకడు గేటు సందులోంచి పొట్టలో కర్రతో పొడిచాడు. ఇతను ఊచలు వదలలేదు. రెండోవాడు తొందరేమీ లేకుండా గేటు రెక్కను వెనక్కి లాగి, ఒంటి బరువంతా వేసి మూశాడు. వేళ్ళు మధ్యలో ఉన్నాయి. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. మూడోసారికి పిల్లి అన్న గొంతులోంచి వచ్చింది మనిషి కేక కాదు. వేళ్ళు బయటికి జారాక కాపలావాడు గేటు మూసి, గొళ్ళెం వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

దెబ్బలు ఎక్కడ ఎలా తగిలాయో ఇరవై రెండేళ్ళుగా రాస్తున్న ఆవిడ కళ్ళు తమంతట తామే లెక్కపెట్టాయి: కుడి చెయ్యి, నాలుగు వేళ్ళు, మూడుసార్లు. మేనేజరు లేచి, గాలికి కాగితాలు ఎగురుతున్నాయని కిటికీ మూశాడు.

*

బుధవారం షూటింగు మామూలుగానే మొదలైంది. మెట్ల కింద నేలను కడిగారు, తర్వాత అదే చోట సీసాలోని రక్తం పోశారు. షాటు నలభై రెండు: పడిపోయిన కథానాయిక మోచేతుల మీద లేస్తుంది, విలన్ వచ్చి డొక్కలో తంతాడు. మేకప్ వాడు మైనమూ బ్లేడూ రంగులూ సర్దుకుని, గాయం ఎక్కడ పెట్టాలని పుస్తకమ్మను అడిగాడు.

పేజీ లేదంది ఆవిడ.

ఒక్కొక్కటిగా అన్ని తలలూ ఆవిడ వైపు తిరిగాయి. ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. దర్శకుడు కుర్చీ తన్నేశాడు. ఏడో టేకు మళ్ళీ తీయలేడు. ఆదివారానికి మిల్లు కూల్చేస్తారు. అలా పడడమే అతని సినిమాకు ప్రాణం. చివర్లో ముఖం పక్కకు తిరుగుతుంది, దూరంగానైనా ఆ నెత్తుటి మలుపు తెలుస్తుంది. తెర మీద అది మనిషంత పొడుగు ఉంటుంది. గుర్తున్నంతలో గీసివ్వమని మేనేజరు మెల్లగా అన్నాడు.

"నేను గుర్తు మీద పని చెయ్యను," అంది పుస్తకమ్మ. గొప్పకు అన్నది కాదు, అది నిజం. ఆవిడకు ఆ గాయం కనుబొమ్మ వెంట్రుకలతో సహా గుర్తుంది. గీయడానికి చెయ్యి రాలేదు.

దర్శకుడు మేనేజరు చొక్కా పట్టుకున్నాడు. "నాకా గాయమే కావాలి. కనుబొమ్మ దగ్గర ఆగి మళ్ళీ దిగిందే, అలా వెయ్యడం ఎవడబ్బకీ రాదు. పేజీ ఏ నూతిలో పడేశావో దిగి తీసుకురా."

రెండు వందల దీపాల వేడి, అప్పటికే పన్నెండు చూపిస్తున్న గడియారం, పక్కన గంటల లెక్కన కూర్చున్న కథానాయిక, భుజం మీద చానలు వాళ్ళ ఫోను. మేనేజరు తోలుసంచి తెరిచి పేజీని మేకప్ వాడి ఒళ్ళోకి విసిరాడు. వాడు పెద్ద కంపెనీల్లో పెరిగిన మనిషి. చీటీ లేనిదే ముట్టుకోనన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని పుస్తకమ్మ వంక చూశాడు. ఆవిడ చీటీల పుస్తకం తీసింది. ఎప్పటి పద్ధతిలోనే, ఎప్పటి గుండ్రని అక్షరాలతోనే రాసింది. *నూట పద్దెనిమిదో పేజీ. సోమవారం, షాటు నలభై ఒకటి, టేకు ఏడు. డూపు ముఖం మీది గాయం, ఫొటోతో సహా. మేనేజరు నుంచి మేకప్‌కు. కథానాయిక ముఖానికి కలపడం కోసం.* రాస్తున్నప్పుడు ఆవిడ మనసులో ఏ ఎత్తుగడా లేదు. మేనేజరు ఫోనులో ఎవరికో "వస్తోంది సార్, వచ్చేసింది సార్" అంటూ, ఆ రోజు ముప్ఫై ఒకటో సంతకం దాని మీద గిలికాడు. చీటీని చించి మేకప్ వాడికిచ్చి, కార్బను కింది నకలు వంక చూసినప్పుడు ఆవిడకు తాను రాసిందేమిటో కనిపించింది.

మేకప్ వాడు గంటసేపు శ్రమపడ్డాడు. ముందు మైనం పూసి, ఫొటోలో చూసుకుంటూ బ్లేడుతో చీల్చి, రంగు నింపి, రక్తం ఒక్కో చుక్కే వదిలి కనుబొమ్మ దగ్గర ఆపి మలుపు తిప్పాడు. సోమవారం పదకొండు నలభై రెండుకు నేల మీద ఉన్న ముఖం బుధవారం ఒంటిగంటకు కుర్చీలో లేచి కూర్చుని అద్దంలో చూసుకుంది. అమ్మో, నిజందానిలా ఉందే అని కథానాయిక మురిసిపోయింది. కొలతలు సరిచూసి చెప్పవలసింది పుస్తకమ్మే. చూసింది. "సరిపోయింది," అంది.

ఆ గాయం గురువారం సాయంత్రం దాకా కావలసి వచ్చింది. పేజీ పుస్తకంలోనే ఉండాలని దర్శకుడి ఆజ్ఞ. ఆవిడ దాన్ని జిగురుతో కుట్టు వెంట అతికించింది. పొద్దుపోయాక మేనేజరు వచ్చి, పిల్లి అన్న ఫిర్యాదు మీద రేపు కార్మిక శాఖలో జరిగే విచారణలో అలాంటి షాటు లేదని ఒక్క మాట చెబితే చాలని, పేజీ అక్కడికి వెళ్ళేముందు తనకివ్వమనీ చెప్పాడు. ఆవిడ తల పంకించింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ గుర్తులు అప్పటికి పసుపు రంగుకు తిరిగాయి.

*

కార్మిక శాఖ విచారణ గది ఇరుకైనది. విచారణాధికారిణి కళ్ళజోడు మీంచి చూసే మనిషి. ఒక మూల గుమస్తా టైపు చేస్తున్నాడు. గోడ వారగా, కుడి చేతికి మోచేతి దాకా కట్టుతో పిల్లి అన్న కూర్చున్నాడు. పుస్తకమ్మ బస్సులో రావలసి వచ్చి ఆలస్యమైందని నేరుగా లోపలికే నడిచింది. బయట వరండాలో ఎదురుచూస్తున్న మేనేజరు ఆవిడ వెనక లోపలికి పరుగెత్తాడు.

కంపెనీ వకీలు చక్కగా మాట్లాడాడు. సోమవారం మాటల సీన్లు. డూపు రాలేదు, రప్పించలేదు. షాటు నలభై ఒకటి, టేకు ఏడు అనేది లోకంలో లేదు. సాక్షిగా కంపెనీలో అత్యంత నమ్మకస్తురాలైన ఉద్యోగిని, ఇరవై రెండేళ్ళలో ఒక్క పొరపాటు చేయని మనిషిని తీసుకొచ్చామన్నాడు.

నమ్మకస్తురాలు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి నూట పద్దెనిమిదో పేజీ తెరిచింది. దాని పక్కన చీటీ నకలు పెట్టింది.

అధికారిణి రెండూ చదివింది. మేనేజరును దగ్గరికి పిలిచింది. "ఇది మీ సంతకమేనా?"

"రోజుకు నలభై పెడతానండీ. ఏది దేనిదో..."

"లేని టేకులో తగిలిన గాయాన్ని కథానాయికకు వేయించడానికి పెట్టిన సంతకం ఇది. మీదేనా?"

మేనేజరు వకీలు వంక చూశాడు. వకీలు పేజీ వంక చూస్తున్నాడు. అధికారిణి ఇంకేమీ అడగలేదు. ఆపరేషను ఖర్చు ఆ సాయంత్రంలోగా నిర్మాణ సంస్థ ఆస్పత్రిలో జమకట్టాలని, మిగతా విచారణ తర్వాత జరుగుతుందని గుమస్తాకు చెప్పి రాయించసాగింది. పిల్లి అన్న మంచి చేత్తో కళ్ళు కప్పుకున్నాడు.

అప్పుడు వకీలు లేచాడు. ఓడిపోయిన మనిషికి దొరికిన చివరి రాయి అతని చేతిలో ఉంది. ఆ పేజీనే చదివి వినిపించాడు, ప్రతి మాటా విడదీసి. *ఎవరు వేశారు? మేకప్‌ను అడగాలి.* ఒక మనిషి వెన్ను విరిగి నేల మీద పడి ఉంటే ఈవిడ బొమ్మ గీసుకుంటూ కూర్చుంది, నష్టంలో ఎంత భాగం ఈవిడ ఆలస్యం వల్ల జరిగిందో కూడా తేలాలన్నాడు. గోడ వారగా పిల్లి అన్న ముఖం మీంచి చెయ్యి తీసి పుస్తకమ్మ వైపు తిరిగాడు. అతనికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

దానికి ఇప్పుడే జవాబు చెప్పనక్కర్లేదని అధికారిణి అంది.

"చెబుతానండీ," అంది పుస్తకమ్మ. ఆవిడ గొంతు రోజూ సాయంత్రం లెక్కలు అప్పజెప్పే గొంతులాగే ఉంది. "పరుపు కనబడుతోందని చెప్పింది నేను. పడ్డాక పక్కన కూర్చుని గీశాను."

గుమస్తా టైపు చేస్తూ తలెత్తాడు. "రెండు నిమిషాలు అని వేయమంటారా, సుమారుగా అనా?"

"రెండు నిమిషాల పది సెకన్లు. ఇంకోటి ఉంది, అది పుస్తకంలో లేదు. ఆ పిల్ల 'టేకు ఓకేనా అక్కా?' అని అడిగింది. ఓకే అన్నాను. గీయడం అవలేదని, కదలకు అన్నాను."

గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. ఆవిడ పిల్లి అన్న వైపు చూడలేదు, వకీలు వైపూ చూడలేదు. ఆగిన గుమస్తా వేళ్ళ వైపే చూసింది.

"'కదలడం లేదక్కా' అంది. రాసుకోండి."